ప్రైవేటు బడుల తనిఖీ, గుర్తింపు: మెదక్

ప్రైవేటు యాజమాన్యం నడిపే బడిని ప్రభుత్వం పరిశీలించి అనుమతి ఇవ్వడం, గడువు తీరినప్పుడు పొడిగించడం, లోపాలు తేలితే రద్దు చేయడం – ఇవన్నీ తనిఖీ, గుర్తింపు కిందికి వస్తాయి. మెదక్ పట్టణంలో ఈ పనిని మండల, జిల్లా విద్యాధికారుల కార్యాలయాలు చూస్తాయి. హైస్కూలు స్థాయి అనుమతి ప్రాంతీయ సంయుక్త సంచాలకుల దాకా వెళుతుంది. తనిఖీ చేసిన బడికి ఉత్తమం, మధ్యమం అని శ్రేణి కట్టి తల్లిదండ్రులకు ప్రకటించే పద్ధతి రాష్ట్ర సిలబస్ బడులకు లేదు. గుర్తింపు ఉంటుంది, లేదా ఉండదు. పదో తరగతి ఫలితాలను గ్రేడు పాయింట్లలో ఇచ్చిన కాలంలో, అవి రాగానే చౌరస్తాల్లో లేచిన 'టెన్ బై టెన్' (పదికి పది పాయింట్లు) ఫ్లెక్సీలే ఆ ఖాళీని నింపాయి. ఇలా ఎందుకైందో తెలియాలంటే తనిఖీ ఎవరి అవసరం కోసం పుట్టిందో చూడాలి.

తొలి రూపం

బ్రిటిష్ ఇండియాలో బడుల తనిఖీకి పునాది 1854 నాటి వుడ్స్ డిస్పాచ్. ప్రైవేటు బడులకు గ్రాంటు ఇవ్వాలని, ఇచ్చిన డబ్బు సక్రమంగా ఖర్చవుతున్నదా అని చూసేందుకు ఇన్‌స్పెక్టర్లు ఉండాలని అందులో నిర్ణయించారు. మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాల్లో ఇన్‌స్పెక్టరు స్వయంగా పిల్లలను పరీక్షించి, పాసైనవాళ్ల లెక్కన బడికి గ్రాంటు రాసే పద్ధతి చాలాకాలం నడిచింది. పంతులుగారి బతుకుదెరువు ఆ ఒక్కరోజు పరీక్ష మీద ఆధారపడేది. ఫలితాన్ని బట్టి బడి విలువ కట్టే అలవాటుకు మూలం అక్కడే ఉందనిపిస్తుంది.

మెదక్ నిజాం రాజ్యంలోది కనుక ఇక్కడి కథ వేరు. సర్కారు చదువు ఉర్దూలో సాగేది. మెదక్‌లో వెస్లియన్ మిషన్ బడులు నడిపింది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన మెదక్ చర్చిని కట్టించిన రెవరెండ్ చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆ మిషన్‌వారే. తెలుగులో చదువు చెప్పే ఖానగీ బడులు, అంటే ప్రైవేటు బడులు, ఊళ్లలో జనం చందాలతో నడిచేవి. 1920ల మధ్యలో వచ్చిన నిబంధనల ప్రకారం ముందస్తు అనుమతి లేనిదే అలాంటి బడి తెరవకూడదు. చదువు నాణ్యత కన్నా ప్రజల కదలికల మీద నిఘాయే ఇందులో ప్రధానమని ఆనాటి తెలుగు నాయకులు భావించారు, ఆ భావన సరైనదే. అప్పటి మెదక్ జిల్లాలోని జోగిపేటలో 1930లో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి నిజామాంధ్ర మహాసభ జరిగింది. ఖానగీ బడుల మీద ఆంక్షలు తొలగించాలన్నది ఆ ఉద్యమం వినిపించిన ముఖ్యమైన కోరికల్లో ఒకటి.

ఒకచోట తనిఖీ గ్రాంటు లెక్క చూసుకోవడానికి, మరోచోట అదుపు కోసం. బిడ్డను ఏ బడిలో వేయాలో తండ్రికి చెప్పడం రెంటిలోనూ లేదు.

చట్టాల కాలం

1956 నవంబరు 1 తర్వాత రెండు ప్రాంతాలూ ఒకే రాష్ట్రమయ్యాయి. ప్రైవేటు విద్యాసంస్థల స్థాపనకు, గుర్తింపుకు సమగ్రమైన ఆధారం మాత్రం 1982 నాటి ఆంధ్రప్రదేశ్ విద్యా చట్టంతోనే ఏర్పడింది. చిన్న పట్టణాల్లో జనం 'కాన్వెంటు' అని పిలుచుకునే ఇంగ్లీషు మీడియం బడులు వేగంగా పెరగడంతో 1994 జనవరి 1న జీవో నంబర్ 1 వచ్చింది. ఈ రంగంలో ఉన్నవాళ్లు ఇప్పటికీ దాన్ని 'జీవో వన్' అనే అంటారు. బడి నడిపేవాళ్లు రిజిస్టరైన సంస్థ అయి ఉండాలి, బ్యాంకులో మూలనిధి చూపాలి, భవనం పటిష్ఠంగా ఉందని ఇంజనీరు ధ్రువీకరణ తేవాలి, ఆటస్థలం, అర్హతగల టీచర్లు ఉండాలి.

ఈ జీవోలో తల్లిదండ్రులు తప్పక తెలుసుకోవలసినది ఫీజుల పంపకం. వసూలైన మొత్తంలో 50 శాతం సిబ్బంది జీతాలకు, 15 శాతం భవిష్యనిధి, గ్రాట్యుటీ వంటి సిబ్బంది ప్రయోజనాలకు, 15 శాతం నిర్వహణకు, 15 శాతం బడి అభివృద్ధికి పోవాలి. యాజమాన్యం ఆదాయంగా తీసుకోదగ్గది 5 శాతం. ఈ లెక్కను గట్టిగా అడిగి ఉంటే ఫీజుల గొడవలు ఇంతదాకా వచ్చేవి కావు. 2017లో ప్రొఫెసర్ తిరుపతిరావు కమిటీ, 2024లో ఆకునూరి మురళి అధ్యక్షతన ఏర్పడిన తెలంగాణ విద్యా కమిషన్ తలకెత్తుకున్నదీ ఈ ఫీజుల సమస్యనే.

2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఎనిమిదో తరగతి దాకా గుర్తింపు లేని బడి నడపడాన్ని శిక్షార్హం చేసింది. లక్ష రూపాయల దాకా జరిమానా, ఆ తర్వాతా నడిపితే రోజుకు పదివేల దాకా అదనం. ప్రాథమిక స్థాయిలో 30 మంది పిల్లలకు ఒక టీచరు, ఏడాదికి 200 పనిదినాలు, ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 220 పనిదినాలు, ఆడపిల్లలకు వేరుగా మరుగుదొడ్లు, తాగునీరు, గ్రంథాలయం, ప్రహరీ – చట్టం షెడ్యూలులో ఉన్న కొలతలివి. ఏ తల్లి అయినా బడికి వెళ్లి కళ్లారా చూసి తేల్చుకోగలిగినవి.

భద్రత

తమిళనాడులోని కుంభకోణంలో 2004 జూలై 16న బడిలో మంటలు లేచి 94 మంది పిల్లలు చనిపోయారు. ఆ ప్రమాదం నేపథ్యంలో దాఖలైన కేసులో 2009లో సుప్రీంకోర్టు భద్రమైన భవనం చదువు హక్కులో భాగమని తీర్పు చెప్పింది. గుర్తింపు ఫైలులో అగ్నిమాపక పత్రానికి బరువు పెరగడానికి కారణం ఆ విషాదమే.

మెదక్ జిల్లాకు ఇంతకన్నా దగ్గరి దుఃఖం ఉంది. 2014 జూలై 24 ఉదయం మాసాయిపేట వద్ద కాపలా లేని రైల్వే క్రాసింగులో ప్యాసింజరు రైలు ప్రైవేటు బడి బస్సును ఢీకొట్టింది. పదిమందికి పైగా పిల్లలు ప్రాణాలు కోల్పోయారు. బ్రాడ్‌గేజ్ మార్గాల్లో కాపలా లేని క్రాసింగులను రైల్వే 2019 జనవరి నాటికి ఎత్తివేసింది. బడి గుర్తింపు విద్యాశాఖది, బస్సు ఫిట్‌నెస్ రవాణాశాఖది. ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది ఉన్నట్టు కాదు.

శ్రేణుల ఆలోచన

2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగే దాకా మెదక్ జిల్లాకు కేంద్రం సంగారెడ్డి. ఫిర్యాదు ఇవ్వాలన్నా, ఫైలు సంగతి కనుక్కోవాలన్నా మెదక్ వాసులు అక్కడికి పోవలసి వచ్చేది. ఇప్పుడు జిల్లా విద్యాధికారి కార్యాలయం మెదక్ పట్టణంలోనే ఉంది.

కార్యాలయం దగ్గరికి వచ్చినా బడులకు శ్రేణి ప్రకటించే పద్ధతి మాత్రం రాలేదు. శ్రేణులు ఇచ్చేచోట ఏం జరిగిందో కూడా చూడాలి. దుబాయిలో నాలెడ్జ్ అండ్ హ్యూమన్ డెవలప్‌మెంట్ అథారిటీ 2008లో తనిఖీలు మొదలుపెట్టి, ప్రైవేటు బడుల నివేదికలను శ్రేణులతో సహా ప్రజల ముందు పెట్టింది. ఫీజు ఎంత పెంచుకోవచ్చన్నది ఆ శ్రేణితో ముడిపడింది. ఇంగ్లండులో ఆఫ్‌స్టెడ్ సంస్థ మొత్తం బడికి ఒకే మాటలో తీర్పు చెప్పేది. ఒక ప్రధానోపాధ్యాయురాలి ఆత్మహత్య తర్వాత ఆ తీర్పు మీద తీవ్ర విమర్శ చెలరేగి, 2024 సెప్టెంబరులో సర్కారు బడుల విషయంలో ఆ పద్ధతి మానేశారు. మన దేశంలో 2015లో వచ్చిన శాలాసిద్ధి అనే కార్యక్రమం ఏడు రంగాల్లో, మూడు స్థాయిల్లో బడి తన్ను తాను అంచనా వేసుకోమంది. సర్కారు, ప్రైవేటు బడులన్నింటికీ ప్రమాణాలు చూసే స్వతంత్ర రాష్ట్ర సంస్థ ఉండాలని, ప్రతి బడీ తన వివరాలు బహిరంగంగా పెట్టాలని 2020 జాతీయ విద్యావిధానం సూచించింది. సీబీఎస్‌ఈ తన బడుల వెబ్‌సైట్లలో అలాంటి వివరాలను తప్పనిసరి చేసింది. రాష్ట్ర సిలబస్ బడులకూ ఇదే వర్తింపజేయాలి. దానికి కొత్త శ్రేణులు అక్కర్లేదు, ఉన్న తనిఖీ నివేదికను బయట పెడితే చాలు.

తల్లిదండ్రులకు

గుర్తింపు పత్రంలో మూడు సంగతులు చూడాలి: ఏ తరగతి దాకా ఇచ్చారు, ఏ మీడియానికి, గడువు ఎప్పటిదాకా. ఏడో తరగతి దాకానే గుర్తింపు ఉండి పై తరగతులు నడిపితే, పదో తరగతి పరీక్షకు పిల్లల పేర్లు మరో బడి నుంచి పంపవలసిన స్థితి వస్తుంది. బోర్డు మీది 'టెక్నో', 'ఒలింపియాడ్' వంటి మాటలు గుర్తింపు స్థాయిని చెప్పవు. ప్రతి బడికీ 11 అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది, దానితో టీచర్ల సంఖ్య, గదుల సంఖ్య ఆన్‌లైన్‌లో సరిచూసుకోవచ్చు. జిల్లా విద్యాధికారి (డీఈఓ) కార్యాలయంలోని తనిఖీ నివేదికను 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో అడగవచ్చు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. జూన్‌లో బడులు తెరుస్తారు కనుక ఏప్రిల్‌లోనే ఆ దరఖాస్తు పెట్టండి.