మకరోవ్ పిస్తోలు

మకరోవ్ పిస్తోలు సోవియట్ యూనియన్‌లో రూపొందించబడిన ఒక చిన్న స్వయంచాలక (సెమీ ఆటోమేటిక్) పిస్తోలు. దీని రూపకర్త నికొలాయ్ ఫ్యోదొరోవిచ్ మకరోవ్ (1914 - 1988). 1951లో సోవియట్ సైన్యము, పోలీసు దళాలు దీనిని అధికారికంగా స్వీకరించాయి. ప్రచ్ఛన్న యుద్ధం ముగిసిన తరువాత ఈ పిస్తోలు పెద్ద సంఖ్యలో అమెరికా సంయుక్త రాష్ట్రాల పౌర విపణికి దిగుమతి అయినది. తక్కువ ధరకు లభించే నమ్మకమైన విదేశీ పిస్తోలుగా అక్కడ దీనికి పేరు వచ్చింది.

చరిత్ర

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో సోవియట్ అధికారుల వద్ద ప్రధానంగా రెండు రకాల చేతి తుపాకులు ఉండేవి. ఒకటి 1895 నాటి నాగాంత్ రివాల్వరు, రెండవది టోకరెవ్ టీటీ-33 పిస్తోలు. నాగాంత్ అప్పటికే పాతబడిపోయినది. టోకరెవ్ శక్తివంతమైనదే గాని, దానికి విడిగా సేఫ్టీ మీట లేదు. యుద్ధం ముగిశాక, ఈ రెండింటి స్థానంలో తేలికైన, భద్రమైన, చౌకగా తయారుచేయదగిన ఆయుధం కోసం పోటీ నిర్వహించారు. తులా నగరంలో పనిచేస్తున్న మకరోవ్ నమూనా అందులో ఎంపికైనది. జర్మనీకి చెందిన వాల్తర్ పీపీ పిస్తోలు ప్రభావం ఇందులో కనిపిస్తుంది. అయితే లోపలి భాగాల సంఖ్యను మకరోవ్ బాగా తగ్గించాడు. ఒక్కొక్క భాగం రెండు, మూడు పనులు చేసేటట్లు అమర్చాడు. ఉదాహరణకు, సుత్తిని నడిపే పట్టీ స్ప్రింగు కొసయే మ్యాగజైనును పట్టి ఉంచే కొక్కెముగా కూడా పనిచేస్తుంది.

నిర్మాణం

పిస్తోలు పొడవు సుమారు 161 మి.మీ., గొట్టం పొడవు సుమారు 93 మి.మీ., తూటాలు లేనప్పుడు బరువు సుమారు 730 గ్రాములు. మ్యాగజైనులో 8 తూటాలు పడతాయి. తూటా వేగం సెకనుకు సుమారు 315 మీటర్లు.

గొట్టం చట్రానికి కదలకుండా బిగించబడి ఉంటుంది. వెనుకకు నెట్టే స్ప్రింగు ఆ గొట్టం చుట్టూనే ఉంటుంది. తూటా పేలినపుడు పై భాగాన్ని (స్లైడ్) మూసి ఉంచడానికి వేరే తాళం ఏదీ లేదు. స్లైడ్ బరువు, స్ప్రింగు బలం మాత్రమే దానిని ఆపుతాయి. ఈ పద్ధతిని బ్లోబ్యాక్ అంటారు. ఇది సరళమైనది, చౌకైనది. కాని అధిక పీడనం గల తూటాలకు పనికిరాదు.

స్లైడ్ ఎడమవైపున సేఫ్టీ మీట ఉంటుంది. దానిని పైకి లేపితే సుత్తి ప్రమాదం లేకుండా కిందకు దిగి, ట్రిగ్గర్ పనిచేయదు; కిందకు దించితే పిస్తోలు కాల్చడానికి సిద్ధమవుతుంది. వాల్తర్ పీపీలో ఈ కదలిక దీనికి వ్యతిరేక దిశలో ఉంటుంది. కనుక ఒకదానికి అలవాటుపడినవారు మరొకదానిని పట్టుకున్నపుడు పొరబడే అవకాశం ఉన్నది.

తూటా

మకరోవ్‌లో వాడేది 9×18 మి.మీ. తూటా. పేరులో 9 మి.మీ. అని ఉన్నప్పటికీ, దీని గుండు వ్యాసం సుమారు 9.2 మి.మీ. పాశ్చాత్య దేశాలలో వాడే 9×19 మి.మీ. పారాబెల్లం, 9×17 మి.మీ. (.380 ఏసీపీ) గుండ్ల వ్యాసం సుమారు 9.0 మి.మీ. మాత్రమే. అందువలన ఈ మూడు తూటాలను ఒకదానికి బదులు మరొకటి వాడరాదు. సన్నని గుండును వెడల్పైన గొట్టంలో కాల్చితే గురి తప్పుతుంది. లావైన గుండును ఇరుకైన గొట్టంలో కాల్చితే పీడనం పెరిగి ప్రమాదం కలుగుతుంది.

తయారైన దేశాలు

* సోవియట్ యూనియన్, రష్యా: ఇజెవ్‌స్క్ యంత్ర కర్మాగారంలో తయారైనవి. సైనిక నమూనాల పిడిపై సాధారణంగా ఎరుపు కలిసిన గోధుమ రంగు పలక, దానిపై నక్షత్రం గుర్తు ఉంటాయి.
* తూర్పు జర్మనీ: సూల్ పట్టణంలో తయారైనవి. పిడి పలకలు నలుపు రంగులో ఉంటాయి, తాడు కట్టే కొక్కెం ఉండదు. పనితనం నునుపుగా ఉంటుందని సేకరణదారులు వీటికి ఎక్కువ విలువ ఇస్తారు.
* బల్గేరియా: కజన్‌లక్‌లోని ఆర్సెనల్ కర్మాగారంలో తయారైనవి. వలయంలో 10 అంకె వీటి గుర్తు.
* చైనా: టైప్ 59 అనే పేరుతో తయారైనవి.

అమెరికాకు దిగుమతి

అమెరికాలో విదేశీ తుపాకుల దిగుమతిని 1968 నాటి తుపాకుల నియంత్రణ చట్టం నియంత్రిస్తుంది. క్రీడా ప్రయోజనానికి తగినవైతేనే అనుమతి లభిస్తుంది. పిస్తోలుకు ముందుగా సేఫ్టీ ఉండాలి, పొడవు, ఎత్తు కలిపి కనీసం 10 అంగుళాలు ఉండాలి. ఆ తరువాత బరువు, కాలిబరు, గురిని సవరించే ఏర్పాటు మొదలైనవాటికి పాయింట్లు కలిపి కనీసం 75 రావాలి. 1990లలో బైకాల్ పేరుతో వచ్చిన వాణిజ్య మకరోవ్‌లకు వెనుక భాగంలో సవరించదగిన గురి అమర్చబడి ఉండుటకు కారణం ఇదే. ఇదే నియమం వలన దిగుమతి టోకరెవ్‌లకు కొత్తగా సేఫ్టీ మీటలు జోడించవలసి వచ్చింది. పురావస్తు విలువ గల పాత ఆయుధాలకు వేరే వెసులుబాటు ఉన్నది.

దిగుమతి చేసిన సంస్థ పేరు, ఊరు, రాష్ట్రం తుపాకీపై చెక్కవలెనని కూడా నియమం కలదు. ఈ ముద్ర పెద్దగా ఉంటే సేకరణదారుల దృష్టిలో విలువ తగ్గుతుంది, వాడకానికి మాత్రం తేడా లేదు.

ఈ చౌక ధరకు కారణం తయారీ ఖర్చు మాత్రమే కాదు. వార్సా ఒప్పందపు సైన్యాలు రద్దయిన తరువాత గోదాములలో మిగిలిన ఆయుధాలు ఒక్కసారిగా అమ్మకానికి వచ్చాయి. అటువంటి సరఫరా శాశ్వతం కాదు. 1994లో చైనా తుపాకుల, తూటాల దిగుమతిని అమెరికా నిషేధించింది. 1996లో రష్యాతో కుదిరిన ఒప్పందం ద్వారా అక్కడి తుపాకుల దిగుమతి పరిమితమైనది. 2021లో రష్యా తూటాలకు కొత్త దిగుమతి అనుమతులు ఆపివేయబడ్డాయి. కనుక ఒకప్పటి చౌక పిస్తోలు నేడు సేకరణ వస్తువుగా మారినది.

ఇతర పిస్తోళ్ళతో పోలిక

ఇదే తూటా వాడే మరికొన్ని పిస్తోళ్ళు కూడా ఇదే మార్గంలో తక్కువ ధరకు అమెరికా చేరాయి.

* సీజెడ్ 82 (చెకోస్లోవేకియా): 12 తూటాలు పడతాయి. సేఫ్టీ రెండు వైపులా ఉంటుంది, కాని అది సుత్తిని దించదు.
* పీ-64 (పోలండ్): చిన్నది, 6 తూటాలు పడతాయి. మొదటి కాల్పుకు ట్రిగ్గర్ చాలా బరువుగా ఉంటుంది.
* పీఏ-63 (హంగరీ): చట్రం అల్యూమినియం మిశ్రమంతో చేసినది. తేలిక అగుటచే కాల్చినపుడు చేతికి తగిలే అదురు ఎక్కువ.

వీటితో పోల్చితే మకరోవ్ మధ్యస్థమైనది. తూటాల సంఖ్యలో సీజెడ్ 82 కన్నా వెనుకబడినప్పటికీ, విప్పి శుభ్రం చేయడంలో సులభమైనది.

ఎంపికలో పరిశీలించే అంశాలు

పాత దిగుమతి పిస్తోలు ధర తక్కువ అనిపించినా, తరువాత అయ్యే ఖర్చును కూడా లెక్కించవలసి ఉంటుంది. సాధారణంగా పరిశీలించే అంశాలు ఇవి:

* గొట్టం లోపలి స్థితి: పాత సైనిక తూటాలలో కొన్నింటి పేలుడు మిశ్రమం తుప్పు కలిగించే లవణాలను వదులుతుంది. శుభ్రం చేయని గొట్టం లోపల గుంటలు పడతాయి.
* కాలిబరు ముద్ర: బైకాల్ నమూనాలలో కొన్ని .380 ఏసీపీ కోసం తయారైనవి. చూపులకు రెండూ ఒకే విధంగా ఉంటాయి. కనుక ముద్ర చదివిన తరువాతనే తూటాలు కొనవలెను.
* సేఫ్టీ పనితీరు: ఖాళీ పిస్తోలుతో మాత్రమే పరీక్షించవలెను. మకరోవ్‌లో పేల్చే సూదికి స్ప్రింగు ఉండదు. తూటా గదిలో తూటాతో గట్టి నేలపై పడితే ప్రమాదానికి అవకాశం ఉన్నది.
* స్ప్రింగులు, మ్యాగజైన్లు: దశాబ్దాల వాడకంతో బలహీనపడతాయి.
* తూటాల లభ్యత: దిగుమతి ఆగినపుడు పిస్తోలు కన్నా తూటాల ఖర్చే భారమగును.

భారతదేశంలో

భారతదేశంలో తుపాకుల స్వాధీనాన్ని 1959 నాటి ఆయుధాల చట్టం నియంత్రిస్తుంది. 9 మి.మీ. పిస్తోళ్ళు నిషిద్ధ బోరు క్రిందకు వస్తాయి. అందువలన సాధారణ పౌరులకు మకరోవ్ పిస్తోలుకు అనుమతి లభించదు. 1980ల మధ్య కాలం నుండి పౌరుల కొరకు విదేశీ తుపాకుల దిగుమతి దాదాపు ఆగిపోయినది. లైసెన్సు గలవారు సాధారణంగా దేశీయంగా తయారైన .32 బోరు పిస్తోళ్ళు, రివాల్వర్లు కొంటారు. 2019 సవరణ ద్వారా ఒక వ్యక్తి కలిగి ఉండగల తుపాకుల సంఖ్య మూడు నుండి రెండుకు తగ్గించబడినది. అమెరికాలో స్థిరపడిన తెలుగువారు అక్కడ చట్టబద్ధంగా కొన్న తుపాకీని ఇక్కడి లైసెన్సు, అనుమతి లేకుండా సామానుతో పాటు స్వదేశానికి తీసుకురావడం నేరమగును. బ్యాగులో మరచిపోయిన ఒక్క తూటాతో కూడా విమానాశ్రయంలో కేసు నమోదు కావచ్చును.

ప్రస్తుత స్థితి

1990 ప్రాంతంలో 12 తూటాలు పట్టే నవీకరించిన నమూనా (పీఎంఎం) వెలువడినది. 2003లో రష్యా 9×19 మి.మీ. యారిగిన్ పిస్తోలును స్వీకరించింది. అయినప్పటికీ మకరోవ్ వాడకం పూర్తిగా ఆగిపోలేదు. మాజీ సోవియట్ గణతంత్రాలలోను, ఆసియా, ఆఫ్రికా దేశాలలోను ఇది ఇంకను కనిపిస్తున్నది.

ఇవి కూడా చూడండి

* టోకరెవ్ టీటీ-33
* వాల్తర్ పీపీ
* రివాల్వరు
* ఆయుధాల చట్టం, 1959