పిల్లులలో మూత్రాశయ శోథ

పెంపుడు పిల్లుల మూత్రాశయపు లోపలి పొరకు కలిగే వాపును మూత్రాశయ శోథ అంటారు. మాటిమాటికి మూత్రానికి కూర్చోవడం, చుక్కలుగా పోయడం, మూత్రంలో రక్తం, నొప్పితో అరవడం దీని ముఖ్య లక్షణాలు. పదేళ్ళలోపు పిల్లులలో సూక్ష్మజీవుల వలన వచ్చేది అరుదు. ఒత్తిడి, స్థూలకాయం, నీరు తక్కువగా త్రాగడం దీనికి దోహదం చేస్తాయి. కొన్నిటిలో స్ట్రువైట్ లేదా కాల్షియం ఆక్సలేట్ రాళ్ళు కారణమవుతాయి.

మగపిల్లుల మూత్రనాళం చాలా సన్ననిది. అది పూర్తిగా మూసుకొనిపోతే రక్తంలో పొటాషియం పెరిగి, రెండు మూడు రోజులలో ప్రాణాపాయం కలుగుతుంది. పిల్లి ముక్కుతూ కూర్చోవడం చూసి మలబద్ధకమని పొరబడి జాప్యం చేయరాదు. మనుషుల పారాసిటమాల్ మాత్ర పిల్లులకు విషం.

రాయలసీమ వేసవిలో నీటి గిన్నెలను నీడలో ఉంచి, ఆహారంలో నీరు కలిపి పెట్టడం మంచిది. అహోబిలం ఉన్న నంద్యాల జిల్లాకు పొరుగున, కడప జిల్లా ప్రొద్దుటూరులో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందిన పశువైద్య కళాశాల ఉంది.