గత్తర

కలరాను తెలంగాణపు ముసలివారు గత్తర యందురు. కోస్తా జిల్లాలలో మరిడి యనిరి. సుశ్రుతుడు విషూచిక యని వర్ణించిన యజీర్ణవ్యాధికి సూదులతో బొడిచినట్టి బాధచే నా పేరు వచ్చినది. అన్నియు నొకే రోగమో కాదో వైద్యులు తేల్చవలెను గాని భయ మొకటియే.

1813వ సంవత్సరమున జంటనగరములలో మహమ్మారి చెలరేగెననియు, సురిటి అప్పయ్య యను సైనికోద్యోగి యుజ్జయినిలో మహాకాళికి మ్రొక్కి, 1815లో మరలివచ్చి సికింద్రాబాదున దారువిగ్రహమును ప్రతిష్ఠించెననియు ప్రతీతి. లష్కరు బోనాలకు మూలమదియే. ఈ కథ విని నవ్వువారిలో నేను జేరను. శత్రువును జూడ సాధనము లేనివాడు అమ్మవారికి మ్రొక్కక మఱేమి చేయును? తెలిసిన పిమ్మటను నీటిని చెఱచుకొను మన సంగతి వేఱు.

ఆ శత్రువును 1854లో ఇటలీ వైద్యుడు పాచీని సూక్ష్మదర్శినితో జూచెను, లోకము లక్ష్యపెట్టలేదు. 1884లో కాక్ పండితుడు కలకత్తాలో మరల కనుగొన్నప్పుడు నమ్మిరి. కాని ప్రేగు దాటి రక్తములోనికి బోని క్రిమి మనుష్యు నెట్లు చంపును? ఈ చిక్కును విప్పినవాడు కలకత్తాలోనే శంభునాథ డే. క్రిమి లేకుండ వడగట్టిన ద్రవమే కుందేలు ప్రేగును నీటితో నింపునని 1959లో ఆయన చూపెను. అనగా చంపునది క్రిమి విడుచు విషము. చచ్చుట నీరు పోవుటచేత. పోయిన నీటిని ఉప్పు, చక్కెరలతో గలిపి త్రాగించిన జాలునని 1971లో బనగాఁవ్ శరణార్థి శిబిరమున దిలీప్ మహలనబీస్ నిరూపించెను. నూటికి సుమారు 30 మంది చచ్చుచోట నలుగురికి లోపుగా తగ్గిరి.

ఇంత తెలిసియు 2009 మే మాసమున హైదరాబాదు భోలక్‌పూరులో మురుగు త్రాగునీటి గొట్టములలో గలిసి పలువురి ప్రాణములు తీసినది.

శామీర్‌పేట చేరువ తుర్కపల్లిలో నున్న భారత్ బయోటెక్ వారి టైఫాయిడు టీకాను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో అంగీకరించెను. అది దేశాంతరములకు బోయినది. అచటికి దక్షిణముగా కొన్ని మైళ్ల దూరమున జవహర్‌నగరు. మహానగరపు చెత్తయంతయు నచటనే గుట్టయైనది. దాని నల్లనీరు మల్కారం చెరువును, భూగర్భజలమును జెఱచినది.

నీటిని కాచి త్రాగవలెనని పాఠము చెప్పుచుండగా నొక బాలుడు లేచి, "సారూ, గుట్ట కాడి బోరు నీళ్లు కాస్తే తాగొచ్చా?" యని యడిగెను. కాచిన క్రిములు చచ్చును. గుట్టనుండి దిగిన లవణములును లోహములును చావవు. వలదని చెప్పితిని.