సూరత్ శాటిన్: పట్టా, పాలిస్టరా?

శాటిన్ అనేది దారం పేరు కాదు, నేత పేరు. ఇందులో ఒక్కో పడుగు పోగు నాలుగు లేదా అంతకు మించిన పేక పోగుల మీదుగా సాగి, ఒక్కదాని కిందికి దిగుతుంది. పైన పరుచుకున్న ఆ పొడవాటి పోగులే బట్టకు మెరుపునిస్తాయి. గోరు తగిలితే లేచివచ్చేవీ అవే.

పట్టుతో నేసిన శాటిన్‌ను గుజరాత్‌లో గజ్జీ అంటారు. నేడు సూరత్ మరమగ్గాలపై తయారయ్యేది చాలావరకు పాలిస్టర్ శాటిన్. తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలీలు ఎందరో ఆ నగర వస్త్ర పరిశ్రమలో స్థిరపడ్డారు. లైనింగులకు, దుపట్టాలకు ఈ బట్ట చవక. చెమటను మాత్రం పీల్చదు.

పట్టు ధర చెల్లించే ముందు అంచు పోగొకటి కాల్చి చూడవచ్చు. పట్టు అయితే వెంట్రుక కాలిన వాసనతో పొడి బూడిదవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది.