వీధిలో కెమెరా: న్యూయార్క్ అనుమతుల కథ

2005 మే నెలలో మాన్‌హాటన్ నడిబొడ్డున, చిన్న వీడియో కెమెరా చేతపట్టుకుని వీధినీ వాహనాలనూ చిత్రిస్తున్న ఒక భారతీయుణ్ణి పోలీసులు ఆపి, ప్రశ్నించి, కొన్ని గంటలపాటు నిర్బంధించారు. ఆయన పేరు రాకేశ్ శర్మ. గుజరాత్‌లో 2002లో జరిగిన మారణకాండపై ‘ఫైనల్ సొల్యూషన్’ అనే డాక్యుమెంటరీ తీసిన దర్శకుడు. ఆ చిత్రాన్ని 2004లో భారత సెన్సారు బోర్డు మొదట నిషేధించి, నిరసనలు వెల్లువెత్తిన తరువాత అనుమతించింది. న్యూయార్క్‌లో ఆయన టాక్సీ డ్రైవర్ల జీవితంపై మరో చిత్రం తీసే పనిలో ఉన్నారు. వీధిలో చిత్రించాలంటే నగరపు అనుమతి ఉండాలని పోలీసులు ఆయనకు చెప్పారు. తరువాత ఆయన దరఖాస్తు పెట్టుకుంటే ఆ అనుమతీ దక్కలేదు.

ఇంతకూ ఆ అనుమతి దేనికి? కెమెరా తెరవడానికా, వీధిని కాసేపు సొంతం చేసుకోవడానికా? ఈ రెండింటికీ మధ్య గీత గీయడానికి న్యూయార్క్ నగరానికి నలభై ఏళ్లకు పైగా పట్టింది.

1966కు ముందు న్యూయార్క్ వీధుల్లో సినిమా తీయడమంటే ఒక్కొక్క శాఖ గుమ్మమూ ఎక్కి దిగడమే. వీధికి ఒకరు, పార్కుకు ఒకరు, వంతెనకు ఒకరు. ఈ తిప్పలకు తోడు చుట్టూ మూగే జనం. 1948లో వచ్చిన ‘ది నేకెడ్ సిటీ’ కోసం కొన్ని దృశ్యాలను బయటివారికి లోపలేమీ కనబడని అద్దం బిగించిన వ్యానులో కెమెరాను దాచి తీశారు. నిర్మాతలు క్రమంగా హాలీవుడ్ స్టూడియోల్లోనే న్యూయార్క్‌ను కట్టుకోసాగారు. 1966లో మేయరుగా పగ్గాలు చేపట్టిన జాన్ లిండ్సే, ఈ పరిశ్రమ తెచ్చే ఉపాధిని నగరం చేజార్చుకుంటోందని గ్రహించి, ఆ ఏడే కార్యనిర్వాహక ఉత్తర్వు ద్వారా అనుమతులన్నిటినీ ఒకేచోట ఇచ్చే కార్యాలయాన్ని నెలకొల్పారు. చిత్రీకరణ జరిగేచోట రాకపోకలు చూసుకునేందుకు పోలీసు శాఖలో ప్రత్యేక విభాగమూ ఏర్పడింది. ఇతర నగరాలు ఈ ఏర్పాటును ఆదర్శంగా తీసుకున్నాయి. అనుమతికి రుసుమంటూ 2010 వరకూ లేదు; ఆ ఏడు కొత్త చిత్రానికి 300 డాలర్ల దరఖాస్తు రుసుము విధించారు.

అయితే ఈ ఏర్పాటు పెద్ద నిర్మాతలను దృష్టిలో పెట్టుకుని పుట్టింది. లారీలు, దీపాలు, జనరేటర్లు, వందమంది సిబ్బంది ఉన్నవారికి అనుమతి ఒక సౌకర్యం. ఒంటరిగా కెమెరా పట్టుకు తిరిగేవాడి సంగతి? అనుమతి ఎవరికి అవసరం, ఎవరికి అక్కరలేదు అన్నదానిని వివరించే ప్రచురిత నియమావళి లేకపోయింది. రాత లేనిచోట అధికారి విచక్షణే చట్టమవుతుంది. 2001 సెప్టెంబరు 11 తరువాత ఆ విచక్షణలో అనుమానం పాలు పెరిగింది.

అమెరికా న్యాయశాస్త్రం ఈ ప్రశ్నను రెండు వైపుల నుంచి సమీపించింది. మొదటిది వీధి వైపు. హడ్సన్ నదికి అవతలి ఒడ్డునున్న జెర్సీ సిటీ మేయరు ఫ్రాంక్ హేగ్ కార్మిక సంఘాల సభలను అడ్డుకున్నప్పుడు, వీధులూ పార్కులూ ఎవరి పేరున ఉన్నా అవి అనాదిగా ప్రజల కోసం ధర్మకర్తృత్వంలో ఉన్నవేనన్న సూత్రం 1939 నాటి సుప్రీంకోర్టు తీర్పులో వెలువడింది. 1941లో అదే కోర్టు, ఊరేగింపులకు అనుమతి అడగడం తప్పుకాదని, అయితే అది సమయం, స్థలం, తీరు వరకే పరిమితం కావాలని చెప్పింది. రెండవది సినిమా వైపు. సినిమా కేవలం వ్యాపారమని, దానికి వాక్‌స్వాతంత్ర్య రక్షణ వర్తించదని 1915లో తేల్చిన సుప్రీంకోర్టు, 1952లో రోసెల్లినీ చిత్రం ‘ది మిరకిల్’ వ్యాజ్యంలో ఆ అభిప్రాయాన్ని తిరగరాసింది.

ఈ రెండు పాయలూ శర్మ వ్యాజ్యంలో కలిశాయి. ఆయన పక్షాన న్యూయార్క్ పౌరహక్కుల సంఘం 2006 జనవరిలో దావా వేసింది. 2007లో రాజీ కుదిరి, నియమాలను లిఖితపూర్వకంగా ప్రకటించడానికి నగరం ఒప్పుకొంది. కాని ఆ వేసవిలో వెలువడిన ముసాయిదా చూసి కళాకారులు నివ్వెరపోయారు. ఇద్దరు గాని అంతకు మించి గాని ఒకేచోట అరగంట దాటి చిత్రించినా, అయిదుగురు ట్రైపాడ్‌తో పది నిమిషాలు దాటి నిలబడినా, అనుమతితోపాటు పది లక్షల డాలర్ల బీమా కూడా ఉండాలట. పైగా ఆ పది నిమిషాల్లోనే ట్రైపాడ్ నిలబెట్టే సమయమూ కలిసే ఉంది! టైమ్స్ స్క్వేర్‌లో పిల్లల ఆటపాటలు తీసుకుంటున్న తల్లిదండ్రులు కూడా ఈ వలలో పడతారు. వైద్యవృత్తిలో ఉన్నవాడిగా నాకిది లక్షణాన్ని కొలిచి రోగాన్ని వదిలేసిన చికిత్సలా కనిపిస్తుంది. మనుషుల సంఖ్య, గడియారపు నిమిషాలు కొలవడం తేలిక. నిజంగా కొలవవలసింది దారిన పోయేవారికి కలిగే అడ్డంకి.

వేలాదిమంది నిరసన సంతకాలు చేశారు. మేయరు బ్లూంబర్గ్ యంత్రాంగం వెనక్కి తగ్గి ముసాయిదాను తిరగరాసింది. 2008లో అమలులోకి వచ్చిన నియమాల సారాంశమిది: చేతి కెమెరాకు గాని, ట్రైపాడ్‌పై నిలిపిన కెమెరాకు గాని అనుమతి అక్కరలేదు. వాహనాలు, ఇతర సామగ్రి వాడినా, వీధిలో ఒక వరుసనో కాలిబాటలో పెద్ద భాగాన్నో తమకే ప్రత్యేకించుకున్నా అనుమతి కావాలి. ఆ ప్రత్యేకించుకోవడం తాడు కట్టడం వల్లనే కానక్కరలేదు; ‘ఇటు రాకండి’ అని నోటితో అన్నా చాలు. బీమా తీసుకోవడం మోయలేని భారమని నిరూపించుకున్నవారికి మినహాయింపు ఉంది. అనుమతి అవసరం లేనివారు కూడా కోరితే ఐచ్ఛిక అనుమతి పొందవచ్చు. పోలీసు వచ్చి అడిగితే చూపించడానికి చేతిలో ఒక కాగితం ఉండటం ఎంత ధైర్యమో శర్మ అనుభవం చెబుతూనే ఉంది.

మనవారికి ఈ చరిత్రతో సంబంధం లేకపోలేదు. 1987లో వచ్చిన జంధ్యాల ‘పడమటి సంధ్యారాగం’ దాదాపు పూర్తిగా అమెరికాలోనే తీసిన చిత్రం. ఇప్పుడు వారాంతాల్లో లఘుచిత్రాలు తీసే యువతీయువకులు, పెళ్లికి ముందు ఫోటోల కోసం పార్కులకు వెళ్లే జంటలు ప్రతి ఊరిలోనూ ఉన్నారు. న్యూయార్క్ నియమాలు మరో నగరానికి వర్తించవు. లాస్ ఏంజెలెస్‌లో నగరం తరఫున ఫిల్మ్‌ఎల్ఏ అనే లాభాపేక్ష లేని సంస్థ అనుమతులు చూస్తుంది. అక్కడి లెక్క వేరు. ఒకే నగరంలోనూ యజమానులు మారతారు: న్యూయార్క్ వీధి నగరానిదైతే, దాని కింద నడిచే సబ్‌వేను నిర్వహించేది రాష్ట్రం ఏర్పరచిన ఎం.టి.ఏ. అందువల్ల కెమెరా తీసేముందు ఆ నేల ఎవరి అధీనంలో ఉందో, ఇతరుల దారిని మనమెంత ఆక్రమిస్తున్నామో చూసుకోవడం అవసరం.

పరాయి దేశం నుంచి వచ్చినవాడు, ఇంకా వీసా మీద ఉన్నవాడు, పోలీసు అడగగానే కెమెరా మూసి పక్కకు తప్పుకోవడం సహజం. ఆ నగరపు పౌరుడు కూడా కాని ఒక దర్శకుడు అలా తప్పుకోకుండా నియమమెక్కడ రాసి ఉందని అడిగాడు. అడిగిన తరువాతనే రాశారు. ఈనాడు న్యూయార్క్ వీధిలో ట్రైపాడ్ నిలిపే ప్రతి విద్యార్థికీ ఆ రాతే అండ.