రేణిగుంట పాలు, ఢిల్లీ పెళ్లి

2021 డిసెంబరు. ఇంకా తెల్లవారలేదు. చిత్తూరు జిల్లాలో ఒక పల్లె, పాలకేంద్రం ముందు నిలబడ్డారు మీరు. చలికి కొంగు తలమీద కప్పుకున్న ఆడవాళ్లు, చేతుల్లో స్టీలు క్యాన్లు. జెర్సీ ఆవుల పాలు. పొదుగు వెచ్చదనం ఇంకా పోలేదు. లోపలతను కాసిని పాలు తీసి మిషన్‌లో పెట్టాడు.

"ఏం నా, నిన్నటికన్నా వెన్న తగ్గిండాదే?"

"పచ్చిగడ్డి ఎక్కువేసింటావు లేక్కా."

వెన్న తగ్గితే డబ్బూ తగ్గుతుంది. ఆమె గొణుక్కుంటూ వెళ్లిపోయింది. పాలు అలాగే ఉంచితే ఎండెక్కేసరికి పుల్లబడతాయి. అందుకే 4 డిగ్రీలకు చల్లార్చి, లారీ ట్యాంకర్‌లో రేణిగుంటకు తోలుతారు. మీరూ ఎక్కండి.

రేణిగుంటలో పట్టాల మీద పాల ట్యాంకర్లు వరుసగా ఉన్నాయి. గొట్టం బిగించారు, మోటారు హోరెత్తింది. ఒక్కో ట్యాంకర్‌లో 40,000 లీటర్లు. బయటి రేకు మీద చెయ్యి ఆనించండి: మధ్యాహ్నపు ఎండకు కాలుతోంది. ఆ రేకుకూ లోపలి స్టీలు తొట్టికీ మధ్య వేడి చొరనివ్వని పొర ఉంది, ఫ్లాస్కులాగా. గ్లాసుడు చల్లటి పాలు నిమిషాల్లో వెచ్చబడతాయి. 40,000 లీటర్లకు అంత తొందర ఉండదు.

ఈ పాలు ఢిల్లీ పోవడం కొత్త కాదు. ఇదివరకు వారపు ప్యాసింజరు బండ్లకు ట్యాంకర్లు తగిలించేవారు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో ఆ బండ్లు ఆగిపోయాయి. ఆవు ఆగుతుందా? పూటపూటకూ పొదుగు నిండుతూనే ఉంటుంది. మార్చి 26న పాలకోసమే ఒక బండి నడిపారు. పేరు దూద్ దురంతో. 6 ట్యాంకర్లయితే 2.4 లక్షల లీటర్లు. సుమారు 2,300 కిలోమీటర్ల దారి, 30 గంటలు.

కూత వేసి మన బండి కదిలింది. గూడ్సు బండంటే లూప్ లైన్లో పడిగాపులు పడేదని మనకు తెలుసు. దీనికా గతి లేదు, మెయిల్ బండితో సమానంగా దారిస్తున్నారు. కాజీపేట. బల్లార్షా దాటాక బోర్డుల మీద తెలుగు లేదు. నాగపూర్, ఇటార్సీ, భోపాల్. ఝాన్సీ దాటి ఆగ్రా దగ్గరపడేసరికి చలి ఎముకల్లోకి దిగుతోంది. పాలకు మాత్రం ఇదే హాయి.

హజ్రత్ నిజాముద్దీన్‌లో మళ్లీ గొట్టాలు, మళ్లీ లారీలు. డైరీలో కాచి చల్లార్చి, వెన్న శాతం సరిచేసి నగరంలోకి వదులుతారు. హర్యానా పాలూ, ఉత్తరప్రదేశ్ పాలూ, మన పాలూ అక్కడ ఒకటే. ఏ చుక్క ఎవరి ఆవుదో ఇక బ్రహ్మకైనా తెలియదు.

సాయంత్రం ఒక పెళ్లి పందిరి వెనక్కి రండి. బయట బ్యాండు, గుర్రం మీద పెళ్లికొడుకు. ఇక్కడ హల్వాయి కడాయిలో పాలు మరుగుతున్నాయి. మన పెళ్లి భోజనం అన్నం మీద నిలబడితే, ఢిల్లీ శాకాహార విందు పాలమీదే నిలబడుతుందనిపిస్తుంది నాకు: పనీర్ టిక్కా, గులాబ్ జామున్, రబ్డీ. కిలో పనీర్‌కే ఆరేడు లీటర్ల ఆవుపాలు కావాలి. నిమ్మరసం పడింది. పాలు విరిగి తేటనీరు తేలింది. గుడ్డలో మూటగట్టి బరువు పెట్టాడు.

గరిటెకు అంటిన విరుగుడును వేళ్లతో నలిపి చూసి మొహం చిట్లించాడు. పాలలో వెన్న తక్కువట. ఇది పచ్చిగడ్డి పని కాదు, డైరీలో సరిచేసిన శాతమని అతనికి చెప్పేదెవరు?