శ్రీసభ పాఠశాల, ప్రభుత్వ ఖజానా: గ్లాస్గో కతోలికుల అనుభవం

విశ్వాసులు కష్టపడి కట్టుకున్న పాఠశాలను ప్రభుత్వానికి అప్పగిస్తే, అది ఇంకా శ్రీసభ పాఠశాలగానే ఉంటుందా? 1918లో స్కాట్లాండు కతోలికులు ఈ ప్రశ్నను ఎదుర్కొన్నారు. వారి జవాబును గ్లాస్గో నగరంలోని సెయింట్ ముంగోస్ అకాడమీ చరిత్ర వెలుగులో ఈ వ్యాసంలో పరిశీలిస్తున్నాం.

1560 నాటి మత సంస్కరణ తరువాత స్కాట్లాండులో కతోలికులు అల్పసంఖ్యాకులయ్యారు. 1845లో ఐర్లండులో బంగాళాదుంప పంటకు తెగులు సోకి తీవ్రమైన కరువు ఏర్పడింది. దాంతో వేలాది ఐరిష్ కుటుంబాలు గ్లాస్గోకు వలస వచ్చాయి. తక్కువ కూలికి కాయకష్టం చేసుకునే వీరిని స్థానికులలో చాలామంది పరాయివారిగానే చూశారు. 1858లో మారిస్ట్ సహోదరులు ఈ సమాజపు బాలుర కోసం టౌన్‌హెడ్ ప్రాంతంలో పాఠశాల నెలకొల్పారు. ముంగో గ్లాస్గో నగర పాలక పునీతుడు. వలస వచ్చినవారి బడికి ఆ నగర పునీతుని పేరే పెట్టడం గమనార్హం.

1872 విద్యా చట్టం స్కాట్లాండు అంతటా ఎన్నికైన పాఠశాల బోర్డులను ఏర్పాటు చేసింది. ఆ బడులలో ప్రెస్బిటేరియన్ బోధనే ఆనవాయితీగా సాగుతుందని కతోలికులు వాటికి దూరంగా ఉన్నారు. ఫలితంగా వారు బోర్డు బడులకు స్థానిక పన్ను కడుతూనే, తమ బడులకు చందాలు కూడా ఇవ్వవలసి వచ్చింది. వారి ఉపాధ్యాయుల జీతాలు తక్కువ. మాధ్యమిక విద్య కొద్దిమందికే అందేది.

1918 చట్టం ఈ స్థితిని మార్చింది. భవనాలను అమ్మకం లేదా కౌలు ద్వారా విద్యాధికార సంస్థలకు అప్పగించవచ్చు. జీతాలు, నిర్వహణ ప్రజాధనంతో సాగుతాయి. అయితే ఉపాధ్యాయుల మతవిశ్వాసానికి, శీలానికి శ్రీసభ ఆమోదం ఉండాలి. మతబోధకు సమయం కొనసాగాలి. కొందరు పీఠాధిపతులు సందేహించినా, రోము ప్రోత్సాహంతో ఒప్పందం కుదిరింది.

దీనికి వ్యతిరేకత రాకపోలేదు. మా పన్నులతో రోము మతాన్ని పోషించడమేమిటని విమర్శలు చెలరేగాయి. 1923లో స్కాట్లాండు ప్రెస్బిటేరియన్ సంఘపు మహాసభకు అందిన ఒక నివేదిక ఐరిష్ వలసదారులను స్కాటిష్ జాతీయతకు ముప్పుగా చిత్రించింది. 2002లో ఆ సంఘమే దానిపై విచారం ప్రకటించింది.

ఒప్పందం ఫలించింది. కూలీల పిల్లలు ఉపాధ్యాయులుగా, వైద్యులుగా, న్యాయవాదులుగా ఎదిగారు. కానీ మూల్యం కూడా ఉంది. మఠవాస సహోదరుల స్థానంలోకి క్రమంగా గృహస్థులు వచ్చారు. టౌన్‌హెడ్‌లోని పాత ఇళ్లను కూల్చివేయడంతో కుటుంబాలు చెదిరిపోయాయి. పాఠశాల నగరపు తూర్పు భాగానికి తరలింది. నేడది బాలబాలికలు కలిసి చదివే నగర పాలక సంస్థ పాఠశాల. స్కాట్లాండు కతోలిక బడులలో ఇతర మతాల పిల్లలూ చదువుతున్నారు.

ఈ చరిత్ర మనకు ఒక సత్యాన్ని తెలుపుతున్నది. 1918లో శ్రీసభ భవనాల యాజమాన్యాన్ని వదులుకుని, బోధించే వ్యక్తిపై తన మాటను నిలుపుకున్నది. అది తెలివైన ఎంపిక అని మేము భావిస్తున్నాం. అయితే చట్టం ఉపాధ్యాయుని స్థానాన్ని కాపాడగలదే గాని, అతనిలో విశ్వాసాన్ని నింపలేదు. ఆ పని నేటికీ కుటుంబానిది, విచారణదే.